కణం కదలాలంటే కాస్త పెరాక్సైడ్ కావాలి

హైదరాబాద్‌లో ఏ మందుల షాపుకు వెళ్లినా యాంటీఆక్సిడెంట్ మాత్రల డబ్బాలు కౌంటరు మీదే కనిపిస్తాయి. ఫ్రీ రాడికల్స్ అంటే శరీరాన్ని లోపలి నుంచి తినేసేవని, వాటిని ఎంత అణిచివేస్తే అంత మంచిదని చదువుకున్నవారు కూడా నమ్ముతున్నారు. కణాలను ప్లేట్లలో పెంచి, వాటి కదలికను గమనించడమే పనిగా ఉన్న మాలాంటివారికి ఈ ప్రచారంలో సగమే నిజం ఉన్నట్టు అనిపిస్తుంది.

ప్లేటు అడుగున ఒకే పొరగా పరుచుకున్న కణాల మీద పిపెట్ టిప్‌తో ఒక గీత గీసి, ఆ ఖాళీని అంచుల్లోని కణాలు ఎంత వేగంగా పూడుస్తాయో చూడటం మా రంగంలో అతి సాధారణమైన ప్రయోగం. రక్తం నుంచి తీసే సీరం కలపని పోషకద్రవంలో (మీడియంలో) అవి మందకొడిగా ఉంటాయి; ప్లేట్‌లెట్ల నుంచి వచ్చే పీడీజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్‌నో (పెరగమని, కదలమని కణాలకు సంకేతమిచ్చే ప్రొటీన్), చర్మకణాలైతే ఈజీఎఫ్ అనే మరో గ్రోత్ ఫ్యాక్టర్‌నో కలిపితే చురుకుగా సాగుతాయి. పీడీజీఎఫ్ తగిలిన కొద్ది నిమిషాల్లోనే రక్తనాళాల నునుపు కండర కణాలలో, యాంటీఆక్సిడెంట్లు అణిచివేసే చురుకైన ఆక్సిజన్ అణువుల్లో ఒకటైన హైడ్రోజన్ పెరాక్సైడ్ తాత్కాలికంగా పెరుగుతుందని, దానిని విచ్ఛిన్నం చేసే కాటలేజ్ ఎంజైమును కణాల్లో పెంచితే అవి ఆ గ్రోత్ ఫ్యాక్టర్ వైపు కదలడం మానేస్తాయని టోరెన్ ఫింకెల్ బృందం 1995లో చూపింది. కణానికి పెరాక్సైడ్ కేవలం వ్యర్థం కాదని, అది ఒక సంకేతమని అంగీకరించక తప్పని ఫలితం అది.

ఆ సంకేతం పనిచేసే తీరు నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది. గ్రోత్ ఫ్యాక్టర్ వచ్చి, కణం మీద దాన్ని అందుకునే రిసెప్టర్ అనే ప్రొటీన్‌ను పట్టుకోగానే కణపొరలోని నాక్స్ ఎంజైములు ఎన్‌ఏడీపీహెచ్ అనే అణువు నుంచి ఎలక్ట్రాన్లను తీసుకుని ఆక్సిజన్‌కు అందిస్తాయి. దానివల్ల పుట్టిన సూపరాక్సైడ్ త్వరలోనే పెరాక్సైడ్‌గా మారుతుంది. సంకేతం సాగడానికి రిసెప్టర్ తగిలించిన ఫాస్ఫేట్లను ఎప్పటికప్పుడు తొలగించే పీటీపీ1బీ ఎంజైము, రిసెప్టర్ ప్రేరణతో తయారైన పీఐపీ3 అనే కొవ్వు అణువును తగ్గించే పీటెన్ ఎంజైము, ఈ రెండింటి క్రియాస్థానంలోనూ సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. పెరాక్సైడ్ ఆ సిస్టీన్‌లోని గంధకాన్ని ఆక్సీకరించి, ఎంజైమును కొంతసేపు నిలిపివేస్తుంది. కుళాయి విప్పడంతో సరిపెట్టక తొట్టి తూముకు గుడ్డ కూడా కుక్కితే నీటిమట్టం పెరిగినట్టు, సంకేతం పెరిగి నిలుస్తుంది. గుడ్డను తిరిగి లాగేసే థయోరెడాక్సిన్ వంటి వ్యవస్థలు కణంలోనే ఉన్నాయి కనుక ఇదేమీ శాశ్వతమైన నష్టం కాదు.

కదలికకు వచ్చేసరికి ఎంత అన్నదానికంటే ఎక్కడ అన్నదే ముఖ్యమవుతుంది. కణం ముందంచున పీఐపీ3 పోగైతే రాక్ అనే ప్రొటీన్ చైతన్యం పొంది, యాక్టిన్ అనే ప్రొటీన్ పోగులను అల్లించి అంచును ముందుకు నెడుతుంది. నాక్స్1, నాక్స్2 ఎంజైములు పనిచేయడానికి కావలసినది కూడా ఆ రాక్ ప్రొటీనే. అంటే ఒకదాన్ని ఒకటి పోషించుకునే వలయం కణానికి ఒక వైపున మాత్రమే ఏర్పడుతుంది. అదే పెరాక్సైడ్‌ను మీడియంలో ధారాళంగా పోస్తే ముందూ వెనకా తేడా చెరిగిపోయి, కణం ఆగిపోతుంది లేదా చనిపోతుంది.

ప్లేటులోనే కాదు, బతికున్న జీవిలోనూ దీనికి సాక్ష్యం ఉంది. జీబ్రాఫిష్ అనే చిన్న చేప పిల్లల తోక రెక్కకు గాయం చేసినప్పుడు, తెల్లరక్తకణాలు ఇంకా చేరకముందే గాయం అంచు నుంచి లోపలికి పెరాక్సైడ్ క్రమంగా తగ్గుతూ వ్యాపించడాన్ని, ఆ పెరాక్సైడ్‌ను తయారుచేసే డ్యుయాక్స్ ఎంజైమును అణిచివేస్తే ఆ కణాల రాక తగ్గిపోవడాన్ని 2009లో నీట్‌హామర్, మిచిసన్ తదితరులు చూపారు.

మన ఊరికి ఈ విషయం దూరమైనదేమీ కాదు. మధుమేహులలో మానని కాలిపుండ్ల కోసం భారత్ బయోటెక్ ఇక్కడే ఈజీఎఫ్ జెల్‌ను తయారుచేసింది. అలాంటి పుండులో పెరాక్సైడ్ వంటి రియాక్టివ్ ఆక్సిజన్ అతిగా ఉంటుంది, ప్రొటీన్లను కత్తిరించే ప్రొటియేజ్ ఎంజైములు గ్రోత్ ఫ్యాక్టర్లను తుంచేస్తుంటాయి. అక్కడ యాంటీఆక్సిడెంట్ ఆలోచనకు అర్థం ఉంది. కానీ ఆరోగ్యంగా ఉన్నవారు గుప్పెడేసి మాత్రలు మింగడానికి నాకు ఏ కారణమూ కనిపించదు. 1994లో ఫలితాలు వెలువడిన ఫిన్లాండ్ పరీక్షలో, పొగతాగే పురుషులలో బీటా కెరోటిన్ అనే యాంటీఆక్సిడెంట్ తీసుకున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఉన్న ఎలుకలకు ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే యాంటీఆక్సిడెంట్ ఇస్తే లింఫ్ గ్రంథులకు క్యాన్సర్ వ్యాప్తి పెరిగిందని 2015లో ఒక స్వీడన్ బృందం చూపింది.

ఈ విషయం మీద కొత్త పరిశోధనాపత్రం ఏది చేతికి వచ్చినా, పెరాక్సైడ్‌ను దేనితో కొలిచారో ముందు చూస్తాను. ఆక్సీకరణ జరిగితే మెరిసే డీసీఎఫ్ రంగుతో మాత్రమే కొలిచి ఉంటే నా నమ్మకం సగానికి పడిపోతుంది, ఎందుకంటే అది పెరాక్సైడ్ ఒక్కదానికే స్పందించదు, పైగా మైక్రోస్కోపు వెలుగుకే తనంతట తాను మెరుస్తుంది. పెరాక్సైడ్‌ను పసిగట్టే, బ్యాక్టీరియాలోని ఆక్సీఆర్ ప్రొటీన్‌తో రూపొందించిన హైపర్ వంటి సెన్సర్ వాడి, గీత పూడింది కణాలు కదిలినందువల్లనా లేక విభజన చెంది పెరిగినందువల్లనా అన్నది కూడా విడిగా తేల్చి ఉంటే, అప్పుడు మిగతా పేజీలు తిప్పుతాను.