వరిగడ్డి పరక వెంట పోతే పశుపోషణ చాప్టర్ అయిపోతుంది

యానిమల్ హస్బెండరీ అసిస్టెంట్ పరీక్షకి చదివే మిత్రులు చాలామంది జాతులు, వ్యాధులు, టీకాలు నూరేసి, పోషణ దగ్గరకొచ్చేసరికి చేతులెత్తేస్తారు. నా లెక్కలో బట్టీ అవసరం బాగా తక్కువున్న చాప్టర్ ఇదే. నేను టాపిక్‌లవారీగా చదవలేదు. గేదె నోట్లో పెట్టుకున్న వరిగడ్డి పరక ఎటు పోతే అటు పోయాను.

ముందు లాలాజలం. పెద్ద ఆవుకి రోజుకి 100 లీటర్లకు పైనే ఊరుతుంది. అందులో ముఖ్యమైనది బైకార్బొనేట్. రూమెన్‌లో, అంటే నెమరువేసే పశువు కడుపులోని మొదటి పెద్ద అరలో, ఆమ్లాలు పుడుతూనే ఉంటాయి కాబట్టి పీహెచ్‌ని 6, 7 మధ్య నిలబెట్టాలి మరి. పెళ్లింట్లో మిగిలిన అన్నం గంపెడు మేసిన గేదె ఎందుకు పడిపోతుందో ఇక్కడే తెలిసిపోతుంది: పిండిపదార్థం గబగబా పులిసి లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, నెమరు ఆగిపోతుంది. వంటసోడా తాగించేది అందుకే.

ఇక అసలు కథ రూమెన్‌లో. గడ్డిలోని పీచు పదార్థమైన సెల్యులోజ్‌ని అరిగించే ఎంజైమ్ గేదెకి లేదు, దాని కడుపులో ఉన్న సూక్ష్మజీవులకి ఉంది. అవి గడ్డిని పులియబెట్టి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు ఇస్తాయి. పశువుకి అందే శక్తిలో సుమారు 70 శాతం వీటిదే. ఎసిటిక్ పాలలో వెన్నకి పోతుంది. ప్రొపియోనిక్ కాలేయంలో గ్లూకోజ్‌గా, ఆపైన పొదుగులో లాక్టోజ్‌గా (పాల చక్కెరగా) మారుతుంది. అందుకే గడ్డి తగ్గించేసి దాణా ఎక్కువ పెడితే పాలకేంద్రంలో వెన్న శాతం పడిపోతుంది. దీన్ని ఎన్ని రకాలుగా తిప్పి అడిగినా జవాబు ఒకటే.

యూరియా సంగతీ అంతే. సూక్ష్మజీవులు యూరియా నుంచి వచ్చే అమ్మోనియాతో తమ ప్రొటీన్ కట్టుకుంటాయి, తర్వాత అబోమాసమ్‌లో (కడుపులోని నాలుగో అరలో), చిన్నపేగులో అవే అరిగిపోతాయి. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా నీళ్లలో కలిపి చల్లి, గాలి చొరకుండా 21 రోజులు కప్పి ఉంచాలి. చిన్న దూడలకి మాత్రం వద్దు: వాటి రూమెన్ ఇంకా ఎదగలేదు, తాగిన పాలు ఆహారవాహిక గాడిలోంచి నేరుగా అబోమాసమ్‌కే పోతాయి.

శక్తి లెక్కలకి పెద్ద నోట్సు దండగ. మొత్తం శక్తిలోంచి పేడలో పోయింది తీసేస్తే జీర్ణ శక్తి, మూత్రం, మీథేన్ తీసేస్తే జీవక్రియా శక్తి, వేడిగా పోయింది కూడా తీసేస్తే నికర శక్తి. పాలకిచ్చే దాణా ఆవుకి 2.5 లీటర్లకి కిలో, గేదెకి 2 లీటర్లకే కిలో. గేదె పాలలో వెన్న ఎక్కువ కదా!

గుర్రాన్ని, కుందేలుని విడిగా పెట్టుకోండి. వాటికి గడ్డి పులిసేది చిన్నపేగు దాటాక. అక్కడ తయారైన ప్రొటీన్ గుర్రానికి చాలావరకు పేడలోనే పోతుంది. కుందేలు తన మెత్తటి పెంటికలను మళ్లీ తిని ఆ ప్రొటీన్‌ని, బి విటమిన్లని రాబట్టుకుంటుంది.