ఏడో నెల పొట్ట, కొత్త స్విమ్‌సూట్

నిన్న మొత్తానికి పూల్‌లోకి దిగాను. ఈత కొట్టొచ్చని డాక్టర్ చెప్పి నెల దాటింది, ఆలస్యమంతా నాదే. పాత స్విమ్‌సూట్ తొడల దాకా వచ్చి ఇక పైకి రానంది. పొట్ట దగ్గర సాగేది కొత్తగా కొన్నాను. అదీ వారం రోజులు బీరువాలోనే ఉంది.

వేసుకుని అద్దంలో చూసుకుంటే బొడ్డు చొక్కా గుండీలా పైకి తేలి కనబడింది! తొడల మీద చారలు సరేసరి. తువ్వాలు చుట్టుకుని గట్టు దాకా వెళ్లాను కానీ, దాన్ని వదలడానికే ఐదు నిమిషాలు పట్టింది. పెళ్లిచూపుల్లో కూడా ఇంత టెన్షన్ పడలేదు.

ఎవరూ చూడలేదు, ఒక్క బుడ్డోడు తప్ప. "ఆంటీ, లోపల పాపకి ఈత వచ్చా?" అన్నాడు. "ఏడు నెలల నుంచి నీళ్లలోనే ఉందిరా, నాకంటే బాగా వచ్చు" అన్నాను. వాడు సీరియస్‌గా తలూపాడు.

ఛాతీ లోతులో నిలబడితే మన బరువులో సగానికి పైగా నీళ్లే మోస్తాయి. చదివి తెలుసుకోవడం వేరు, నడుం నొప్పి నిజంగా మాయమవడం వేరు. ఎన్ని వారాలైందో ఇంత తేలిగ్గా ఊపిరి పీల్చి! పాదాల వాపు కూడా కాస్త తగ్గినట్టనిపించింది.

మెట్లెక్కుతుంటే బరువంతా మళ్లీ వచ్చి మీద పడింది. తువ్వాలేమో అవతలి గట్టున ఉంది. అక్కడిదాకా పొట్ట ముందు, నేను వెనక, తీరిగ్గా నడిచాను.