పావలా వడ్డీ కోసం మూడు ఖాతాలు

మేము 2014 డిసెంబరులో ఇంగ్లండ్‌లోని రెడింగ్‌కి వచ్చాం. కరెంట్ అకౌంట్ అనగానే నాకు తెనాలిలో మా మేనమామ బియ్యం కొట్టు గుర్తొచ్చింది. మన దగ్గర అది వ్యాపారస్తుల ఖాతా, పైసా వడ్డీ రాదు. ఇక్కడ మామూలు వాళ్ళ జీతం పడేదే అందులో, పైగా కొన్ని బ్యాంకులు దాని మీద వడ్డీ ఇస్తాయి, ఇంటి బిల్లులు కడితే క్యాష్‌బ్యాక్ కూడా ఇస్తాయి అని మా ఆయన ఆఫీసులో ఎవరో చెబితే మొదట నమ్మలేదు.

అసలు ఖాతా తెరవడమే ఒక పెద్ద పని. అడ్రస్ ప్రూఫ్ కావాలంటారు, ప్రూఫ్ రావాలంటే బిల్లు మన పేరున రావాలి, బిల్లు కట్టాలంటే ఖాతా ఉండాలి. చివరికి మన ఇంటి పన్ను లాంటి కౌన్సిల్ ట్యాక్స్ ఉత్తరం ఇద్దరి పేర్లతో వచ్చాక గానీ గండం గట్టెక్కలేదు.

అప్పట్లో మన రిజర్వ్ బ్యాంకు లాంటి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ రేటు 0.5 శాతం, 2009 నుంచీ అక్కడే ఉంది. సేవింగ్స్‌లో పెడితే వచ్చేది దాదాపు సున్నా. కానీ జీతాల ఖాతాలు పట్టుకోవాలని బ్యాంకులు పోటీ పడుతున్నాయి. మా దగ్గర అవసరానికని దాచిన 9,000 పౌండ్లు ఉంటే 2015 ఏప్రిల్‌కల్లా మూడు కరెంట్ అకౌంట్లలో ఇలా పంచాం: నేషన్‌వైడ్ ఫ్లెక్స్‌డైరెక్ట్‌లో 2,500 (5 శాతం, ఒక్క ఏడాదికే), టీఎస్‌బీ క్లాసిక్ ప్లస్‌లో 2,000 (అదీ 5 శాతమే), మిగతా 4,500 శాంటాండర్ 123లో 3 శాతానికి. మొత్తం ఏడాదికి 360, అందులో 20 శాతం పన్ను ముందే కోసుకునేవారు. మూడూ ఒకేసారి అప్లై చేయలేదు, క్రెడిట్ రికార్డులో, అంటే మన అప్పుల చరిత్రలో, బ్యాంకులు వరసగా తనిఖీ చేసినట్టు పడితే బాగుండదని నెల నెల తేడాతో తెరిచాం.

నాన్నకి ఫోన్‌లో చెబితే క్షణం ఆలోచించి, "సాలుకి మూడు శాతమంటే నూటికి నెలకి పావలా. పావలా వడ్డీకి ఇంత హడావుడా అమ్మా?" అన్నారు. ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి తిప్పేవాళ్ళని చూసిన మనిషికి నేనేం చెప్పను!

హడావుడి నిజమే. ప్రతి ఖాతాకీ షరతు ఉంది, ఒకదాంట్లో నెలకి 1,000 పడాలి, ఇంకోదాంట్లో 500, మూడోదాంట్లో 500తో పాటు కనీసం రెండు డైరెక్ట్ డెబిట్లు (బిల్లు డబ్బు కంపెనీయే ఖాతాలోంచి లాక్కునే ఏర్పాటు) ఉండాలి. అందుకని జీతంలోంచి అదే 1,000 పౌండ్లని స్టాండింగ్ ఆర్డర్ (నెలనెలా ఒకే తేదీన దానంతటదే వెళ్ళే బదిలీ) పెట్టి ఒక ఖాతాలోంచి ఇంకోదాంట్లోకి, అక్కడినుంచి మూడోదాంట్లోకి, మళ్ళీ మొదటిదాంట్లోకి తిప్పేదాన్ని. గానుగెద్దులా తిరిగేది ఆ వెయ్యి. తేదీ 30 అని పెట్టాను. 2016 జనవరి 30 శనివారం అయింది. శనివారం స్టాండింగ్ ఆర్డర్ కదలదు, సోమవారం వెళ్ళింది, సోమవారం అంటే ఫిబ్రవరి 1. జనవరి లెక్కలో ఒక ఖాతాలో పైసా పడనట్టే అయి ఆ నెల వడ్డీ, ఎనిమిది పౌండ్ల చిల్లర, పోయింది. తప్పు నాదే, అయినా రెండు రోజులు నిద్ర పట్టలేదు. తేదీని 5కి మార్చేశాను.

క్యాష్‌బ్యాక్ సంగతి వేరు. 123లో కౌన్సిల్ ట్యాక్స్‌కీ నీళ్ళ బిల్లుకీ 1 శాతం, గ్యాస్, కరెంట్‌లకి 2, ఫోన్లు, బ్రాడ్‌బ్యాండ్‌లకి 3. మాకు నెలకి వరసగా 1.40, 0.30, 1.60, 1.80 పౌండ్లు వచ్చేవి, మొత్తం 5.10. నెల ఫీజు 2 పౌండ్లు ఉన్నంతకాలం బాగానే ఉంది, 2016 జనవరిలో ఫీజు 5 అయింది. నికరంగా పది పెన్నీలు! కౌన్సిల్ ట్యాక్స్ మాకు పది వాయిదాల్లోనే పోతుంది, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఉండదు, అంటే ఆ రెండు నెలలూ క్యాష్‌బ్యాక్‌లో నష్టమే. ఒక్క ఊరట, ఆ ఏప్రిల్ నుంచి మాలాంటి బేసిక్ రేట్ (20 శాతం పన్ను కట్టే) వాళ్ళకి ఏడాదికి 1,000 పౌండ్ల వడ్డీ దాకా పన్ను తీసేశారు.

ఆ ఎండాకాలంలోనే ఒక నెల 123 స్టేట్‌మెంట్‌లో గ్యాస్, కరెంట్ క్యాష్‌బ్యాక్ గీతలో 1.60కి బదులు 2.36 కనిపించింది. ఎక్కువ వచ్చిందని ఒక్క నిమిషం సంబరపడ్డాను. తర్వాత వెలిగింది, రెండు శాతం 2.36 అయిందంటే బిల్లు 118 అయిందని. ఒక పడగ్గది ఫ్లాటు, హీటింగ్ ఆపేసి రెండు నెలలు, 80 కాస్తా 118 ఎందుకైంది? ఆ కంపెనీ మీటర్ చూడకుండా అంచనా వేసుకుని లాగేస్తోంది. మెట్ల కింద అల్మరాలో ఫోన్ టార్చ్ పట్టుకుని మీటర్ అంకెలు రాసుకుని ఆన్‌లైన్‌లో పంపాను. డెబిట్ 76కి దిగింది, ఎక్కువ లాగిన 140 పౌండ్లు వెనక్కి వచ్చాయి. టీఎస్‌బీలో ఏడాదంతా తిప్పినా వచ్చేది 100.

నేషన్‌వైడ్ ఏడాది అయిపోయాక మా ఆయన పేరు మీద కొత్తది తెరిచాం. కానీ 2016 ఆగస్టులో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటు 0.25కి దిగింది, నవంబరులో శాంటాండర్ 3 శాతం 1.5 అయింది. మా 4,500 మీద ఏడాదికి 67 పౌండ్ల చిల్లర, ఫీజే 60.

"అయితే పావలా కాస్తా బేడ అయిందన్నమాట. ఇంకెందుకమ్మా, మూసెయ్" అన్నారు నాన్న.

డబ్బు తీసేశాం గానీ ఖాతా మూయలేదు. బిల్లులన్నీ ఇప్పటికే అందులోంచి పోతున్నాయి, పైగా నెల మొదట్లో ఆ రెండు శాతం గీత ఎంతో చూడకపోతే నాకు తోచదు.