గాలి లీకు వెతుక్కుంటూ మూడు నెలలు: నా యాక్-52 అనుభవం

పాత విదేశీ విమానం కొనుక్కుని దాని బాగోగులు సొంతంగా చూసుకుంటున్నవాళ్లకీ, కొందామా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నాది యాక్-52. డిజైన్ సోవియట్‌ది, తయారీ మాత్రం రుమేనియాలో, బకావ్ అనే ఊళ్లో ఉన్న ఫ్యాక్టరీలో. ఈ రకం మొదటిసారి ఎగిరింది 1976లో. ఒకరి వెనక ఒకరు ఇద్దరు కూర్చునే శిక్షణ విమానం, ముక్కు దగ్గర తొమ్మిది సిలిండర్ల రేడియల్ ఇంజిన్ (సిలిండర్లు చక్రం ఆకుల్లా చుట్టూ అమర్చి ఉండేది) ఎం-14పి, 360 హార్స్‌పవర్. స్టార్ట్ అయ్యేటప్పుడు ఆ పొగ, ఆ చప్పుడు చూస్తే ఎంత తిప్పలు పెట్టినా దాన్ని వదులుకోవాలనిపించదు.

ఈ విమానంలో చక్రాలు పైకి కిందికి తీసేది ఆయిల్ కాదు, గాలి. చక్రాలే కాదు, ఇంజిన్ స్టార్ట్ చేసేదీ గాలే, ఫ్లాప్స్ (రెక్క కింద దిగే పలకలు) దించేదీ గాలే, బ్రేకులు పట్టేదీ గాలే. గాలి నిలవకి 11 లీటర్ల పెద్ద లోహపు సీసా ఒకటి, అత్యవసరానికి 3 లీటర్ల చిన్న సీసా ఒకటి, రెండింట్లోనూ చదరపు సెంటీమీటరుకు 50 కేజీల ప్రెషర్. ఇంజిన్ తిరుగుతుంటే దాని మీదున్న చిన్న కంప్రెసర్ వీటిని నింపుతుంటుంది. ఎలక్ట్రిక్ స్టార్టర్ అంటూ లేదు. గాలి అయిపోతే బయటి నుంచి సిలిండర్ తెచ్చి నింపుకోవాల్సిందే.

నా సమస్య ఏంటంటే సాయంత్రం 50 కేజీలు చూసి హ్యాంగర్ తలుపు వేసి వెళ్తే పొద్దున్నకి 15 ఉండేది. ఒక్కోసారి 10.

అడిగిన ప్రతివాళ్లూ ఒకటే మాట, "వీటికి లీకులు మామూలే, రాత్రిళ్లు మెయిన్ వాల్వ్ కట్టేసుకో, సరిపోతుంది" అని. నిజమే, కాక్‌పిట్‌లో సీసాని మిగతా పైపుల నుంచి విడదీసే వాల్వ్ ఉంటుంది, అది కట్టేస్తే పొద్దున్న కూడా ప్రెషర్ నిలబడేది. కానీ ఎగిరేటప్పుడు ఆ వాల్వ్ తెరిచే ఉంటుంది కదా. కంప్రెసర్ నింపుతూ ఉంటుంది కాబట్టి లీకు మనకి కనపడదు, అంతే. ఆ కంప్రెసర్ ఆగిపోయిన రోజున నా చేతిలో ఎంత టైమ్ ఉంటుంది? దిగాక బ్రేకులకి గాలి మిగులుతుందా? ఈ టెన్షన్‌తో ఎగరడం నాకు ఇష్టంలేక లీకు పట్టుకునేదాకా విమానాన్ని కదపకూడదనుకున్నాను.

అయితే ఆ సలహా వల్ల ఒక మంచి జరిగింది. వాల్వ్ కట్టేస్తే నిలబడుతోంది, తెరిస్తే పోతోంది అంటే సీసా బాగుంది, నింపే పైపూ బాగుంది, కంప్రెసర్ వైపు వెనక్కి పోకుండా ఆపే వాల్వూ బాగుంది. లీకు ఆ వాల్వ్ తర్వాత ఎక్కడో ఉంది. అత్యవసర సీసా గేజ్ కూడా కదలడం లేదు, కాబట్టి ఆ వైపు గొడవ లేదు. సగం విమానం మీద అనుమానం అక్కడే తీరిపోయింది. అప్పటి నుంచి ఒక నోటుబుక్ పెట్టి ఎన్ని గంటలకి ఎంత ప్రెషర్, హ్యాంగర్‌లో ఎన్ని డిగ్రీల వేడి, ఏ లివరు ఏ స్థానంలో ఉంది, అన్నీ రాయడం మొదలుపెట్టాను. వేడి ఎందుకంటే గాలి చల్లబడితే లీకు లేకపోయినా ప్రెషర్ కొంత తగ్గుతుంది. 30 డిగ్రీల నుంచి 20కి వస్తే 50 కేజీల్లో ఒకటిన్నర పైన దానంతటదే పోతుంది. ఇది తెలీకపోతే లేని లీకు కోసం కూడా వెతుకుతాం.

తర్వాత సబ్బునీళ్లు. చిన్న బ్రష్షుతో ప్రతి జాయింటుకీ రాశాను. బ్రేకు పైపుల దగ్గర ఒకచోట, ఫ్లాపు సిలిండర్ దగ్గర ఇంకోచోట చిన్న చిన్న బుడగలు వచ్చాయి. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. బుడగ కనపడగానే పానా వేసి నట్టు బిగించాను. ఆగలేదు, ఇంకొంచెం బిగించాను. ఈ పైపుల చివరలు గరాటులా విప్పారి ఉంటాయి, మెత్తటి లోహం. అతిగా బిగిస్తే ఆ అంచు నలిగి చిట్లుతుంది. సరిగ్గా అదే జరిగింది, పైపు కొత్తది చేయించాల్సి వచ్చింది. లీకయ్యే జాయింటుని బిగించే ముందు ప్రెషర్ పూర్తిగా వదిలి, విప్పి, రెండు ముఖాలూ తుడిచి చూడాలి. చాలాసార్లు మధ్యలో ఇసుక రేణువంత మురికి ఉంటుంది, అంతే. ఇంకో సంగతి, గాలి ఉండగా ఏ నట్టూ వదులు చేయొద్దు. 50 కేజీల గాలితో వచ్చే నట్టు కంటికి తగిలితే కన్ను మిగలదు. నేను ఇప్పుడు కళ్లద్దాలు లేకుండా ఆ పైపుల జోలికే వెళ్లను.

ఆ రెండూ బాగుచేశాక పొద్దున్నకి 15 ఉండేది 20 అయింది. అంటే అసలుది ఇంకా దొరకలేదు.

ఒకరోజు రాత్రి హ్యాంగర్‌లో ఎవరూ లేరు, ఫ్యాన్లు కూడా ఆపేసి ముందు సీట్లో కూర్చుని చెవి పెట్టి విన్నాను. గేరు లివరు (చక్రాలు ఎత్తి దించేది) వెనక నుంచి సన్నగా స్‌స్‌స్ అని వినిపించింది. చాలా సన్నగా, ఊపిరి బిగబడితే తప్ప వినపడనంత. దొరికిందనుకున్నాను. లివరు పక్కన రష్యన్ లిపిలో షస్సీ అని రాసి ఉంటుంది, అంటే చక్రాల గేరు. (ఆ లిపి నేర్చుకోవడం నేను చేసిన మంచి పనుల్లో ఒకటి. అక్షరాలకి వారం పట్టింది, తర్వాత పార్టుల మీది ముద్రలూ పాత మాన్యువల్లోని బొమ్మల పేర్లూ కూడబలుక్కుని చదువుకోగలుగుతున్నాను.) గేరు వాల్వ్ విప్పి ఓవర్‌హాల్‌కి పంపించాను. వెళ్లి రావడానికి ఐదు వారాలు, దానికి తోడు మంచి ఖర్చు. తిరిగొచ్చాక బిగించి, గాలి నింపి, రాత్రి మళ్లీ అదే సీట్లో కూర్చుని విన్నాను. అదే స్‌స్‌స్. ఏమీ మారలేదు.

ఆ రాత్రి నిజంగా ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు మా ఇంజనీరు గారికి ఫోన్ చేశాను. లైసెన్సు ఉన్న మనిషి, నా విమానం మీద సంతకం పెట్టేది ఆయనే. మొత్తం విని ఒకటే అడిగారు: "లివరు మధ్యలో పెడితే చప్పుడు వస్తోందాండీ?" నేను అది చూడలేదు. వెళ్లి చూశాను. లివరు కిందికి ఉంటే చప్పుడు ఉంది, మధ్యలో పెడితే లేదు. ఈ మాట చెప్పగానే ఆయన, "అయితే వాల్వ్ తప్పు లేదు. చప్పుడు వచ్చేచోటే లీకు ఉండాలని ఎక్కడుందండీ? అక్కడ గాలి బయటికి వస్తోంది, అంతే. లోపలికి ఎక్కడ దూరుతోందో చూడండి" అన్నారు.

ఆయన చెప్పింది అర్థమయ్యాక మొత్తం బొమ్మ కళ్లముందు కనపడింది. చక్రం సిలిండర్‌లో పిస్టన్‌కి ఒకవైపు గాలి వస్తే కాలు (చక్రం ఉండే కడ్డీ) దిగుతుంది, ఇంకోవైపు వస్తే పైకి పోతుంది. లివరు మధ్యలో ఉంటే ఏ వైపుకీ గాలి వెళ్లదు. లివరు కిందికి పెట్టినప్పుడు దించే వైపుకి గాలి వెళ్తుంది, ఎత్తే వైపు పైపుని గేరు వాల్వే బయటి గాలికి తెరిచి ఉంచుతుంది, అందులో మిగిలిన గాలి పోవాలి కదా. ఇప్పుడు పిస్టన్ మీది రబ్బరు సీలు పాడైతే ఏమవుతుంది? దించే వైపు గాలి పిస్టన్ పక్కనుంచి ఎత్తే వైపుకి జారి, ఆ పైపులో వెనక్కి ప్రయాణం చేసి, కాక్‌పిట్‌లో గేరు వాల్వ్ రంధ్రంలోంచి బయటికి వస్తుంది. తప్పు రెక్క కింద, చప్పుడు నా మోకాలి ముందు. సబ్బునీళ్లకి దొరక్కపోవడానికి కారణం కూడా అదే, గాలి ఏ జాయింటులోంచీ బయటికి రావడం లేదు, సిలిండర్ లోపల్లోపలే దాటుతోంది.

మూడు కాళ్లకి మూడు సిలిండర్లు. అందులో ఏది? దీనికి ఆయన చెప్పిన ఉపాయం నాకు చాలా నచ్చింది. విమానాన్ని జాకుల మీదికి ఎక్కించాం. గాలి మొత్తం వదిలేశాం. ప్రతి సిలిండర్ దగ్గరా ఎత్తే వైపు పైపు విప్పి, సిలిండర్ రంధ్రానికి రబ్బరు గ్లౌజు వేలు ఒకటి కత్తిరించి దారంతో కట్టాం. తర్వాత లివరు కిందికే ఉంచి, పూర్తి ప్రెషర్ కాకుండా 20 కేజీలు మాత్రం నెమ్మదిగా ఎక్కించి దూరంగా నిలబడ్డాం. ముక్కు కాలు దగ్గరది ముడతలు పడి అలాగే వేలాడుతోంది. ఎడమది కూడా అంతే. కుడి కాలు దగ్గరది మెల్లగా ముడతలు విప్పుకుంది, వేలు ఆకారం వచ్చింది, తర్వాత నిటారుగా లేచి నిలబడింది. రెండు నెలల పైగా నేను వెతుకుతున్నది ఒక గ్లౌజు వేలు రెండు నిమిషాల్లో చూపించింది.

సిలిండర్ విప్పడం పెద్ద కష్టం కాదు కానీ తొందర పనికిరాదు. సిలిండర్ తీసేశాక ఆ కాలు లాక్‌లో నిలబడుతుందని నమ్మకూడదు, అందుకే బరువంతా జాకుల మీదే ఉండాలి. విప్పే ముందు ప్రతి వైపు నుంచీ ఫోటోలు తీశాను, లాకింగ్ వైరు (నట్లు వదులు కాకుండా కట్టే తీగ) ఎటు తిప్పి కట్టారో కూడా. లోపల పిస్టన్ బయటికి తీసి సీలుని గోరుతో నొక్కితే ఎండిపోయిన తోలు నొక్కినట్టుంది, గోటి గుర్తు కూడా పడలేదు. వేళ్ల మధ్య వంచితే అంచు పొడుగునా సన్నని బీటలు తెరుచుకున్నాయి, ఒకచోట అంచు నలిగి చదునైపోయి ఉంది, గాలి దాటింది అక్కడే. సిలిండర్ గోడ మాత్రం శుభ్రంగా ఉంది, గీత లేదు, తుప్పు గుంట లేదు. గోడ పాడై ఉంటే సీలు మార్చినా ఉపయోగం ఉండేది కాదు, అందుకే ముందు దీపం పెట్టి అదే చూశాం.

కొత్త సీళ్ల విషయంలో జాగ్రత్త. అన్నీ మెట్రిక్ కొలతలే అయినా దగ్గరగా ఉన్న సైజు ఏదో ఒకటి పెట్టేయకూడదు. పాత సీలుని కొలవడం కూడా తప్పే, అది ఏళ్ల తరబడి నలిగి ఆకారం మారిపోయి ఉంటుంది. పిస్టన్ మీది గాడి లోతూ వెడల్పూ వెర్నియర్‌తో కొలిచి, మాన్యువల్‌లో ఉన్నదానితో సరిచూసుకుని తెప్పించాలి. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది, కాబట్టి పాకెట్ మీద తయారీ తేదీ చూడాలి. నాకు మొదట వచ్చిన సీళ్లు తేదీ లేని ప్లాస్టిక్ సంచిలో వచ్చాయి, వెనక్కి పంపేశాను. మూడు సిలిండర్లూ ఒకే వయసువి, కుడిది పోయిందంటే మిగతావీ దారిలోనే ఉన్నట్టు. అన్నింటికీ మార్చేశాం.

తర్వాత జాకుల మీదే లివరు పైకి, కిందికి పదిసార్లు. ముందు సీటు నుంచి, తర్వాత వెనక సీటు లివరుతో, చివర్న అత్యవసర సీసాతో దించి చూశాం. మూడు కాళ్లూ దిగి లాక్ అయ్యాయని చెప్పే పచ్చ లైట్లు మూడూ వెలిగాయి. ఏ పని యజమాని చేయొచ్చు, ఏది లైసెన్సు ఉన్నవాళ్లే చేయాలి అన్నది విమానం రిజిస్టర్ అయిన దేశాన్ని బట్టి ఉంటుంది, ముందే కనుక్కోండి. నా విషయంలో విప్పి తుడిచే పనులు నేను చేశాను, బిగింపులు, పరీక్షలు ఆయన ఎదుట జరిగాయి, లాగ్‌బుక్‌లో సంతకం ఆయనది.

మూడు నెలలు నిలబడిన విమానం కాబట్టి ఇంజిన్ గురించి కూడా ఒక మాట. రేడియల్ ఇంజిన్‌లో కింది సిలిండర్లలోకి ఆయిల్ దిగి నిలుస్తుంది. అలాగే స్టార్ట్ కొడితే పిస్టన్ ఆ ఆయిల్‌ని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉందని రెండుసార్లు చూసుకుని ప్రొపెల్లర్‌ని చేత్తో తిరిగే దిక్కులోనే మెల్లగా తిప్పాలి. ఎక్కడైనా పట్టేస్తే బలం పెట్టొద్దు, వెనక్కీ తిప్పొద్దు. వెనక్కి తిప్పితే ఆయిల్ ఇన్‌టేక్ పైపులోకి (సిలిండర్‌లోకి గాలి వచ్చే దారి) పోయి దాక్కుని స్టార్ట్ అవగానే మళ్లీ లోపలికొస్తుంది. కింది స్పార్క్ ప్లగ్గులు తీసి కార్చేయడమే దారి. నా దాంట్లో ఒక సిలిండర్‌లోంచి టీ కప్పులో సగం దాకా వచ్చింది.

ఆ రోజు ఎగరలేదు. ఇంజిన్ మాత్రం తిప్పి, గాలి 50కి నింపి, మెయిన్ వాల్వ్ తెరిచే ఉంచి, కంప్రెసర్ తర్వాత ఉండే నీటి ఫిల్టర్‌లోంచి నీళ్లు వదిలి (ఇది ప్రతి ఫ్లైట్ తర్వాతా చేయాలి, లేకపోతే ఆ తడే సీసానీ సిలిండర్లనీ లోపల తినేస్తుంది) ఇంటికి వెళ్లాను. పొద్దున్నే వచ్చి కాక్‌పిట్ కవర్ తీసి గేజ్ చూశాను. 47. హ్యాంగర్‌లో వేడి 9 డిగ్రీలు తగ్గింది. నోటుబుక్‌లో రెండూ రాసి, లివరు దగ్గర చెవి పెట్టి చాలాసేపు విన్నాను. ఏ చప్పుడూ లేదు.