పాత రివిజన్ నంబర్లతో సహా గిట్‌లోకి

కోడులో ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో గుర్తుపెట్టుకునే పరికరం గిట్. దాని గురించి చెప్పేవాళ్లు చాలామంది యాడ్ (మార్పులను ఎంచుకోవడం), కమిట్ (వాటిని చరిత్రలో నమోదు చేయడం), పుష్ (సర్వర్‌కు పంపడం) అనే మూడు ఆదేశాలతో పాఠం ముగిస్తారు. ఏళ్ల తరబడి సబ్‌వర్షన్ (ఎస్‌వీఎన్) అనే అలాంటిదే పాత పరికరంలో నడిచిన ప్రాజెక్టును, దాని చరిత్ర చెదరకుండా గిట్‌లోకి ఎలా తేవాలో చెప్పేవాళ్లు తక్కువ. బెంగళూరులోని మా ఆఫీసులో ఆ పని నా మీద పడింది. అందులో ఏది పనికొచ్చిందో, ఏది ఉత్త హడావిడో రాస్తున్నాను.

మాది మారతహళ్లి వైపు ఉన్న చిన్న కంపెనీ. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలకు సాఫ్ట్‌వేర్ తయారు చేస్తాం. రైతు తెచ్చిన బస్తాలకు రసీదు, నెలల లెక్కన అద్దె, సరుకు బయటికి వెళ్లేటప్పుడు గేట్ పాస్, ఇవీ అందులోని పనులు. కోడు రాసేవాళ్లలో సగం మంది తెలుగువాళ్లం, మిగతావాళ్లు కన్నడిగులు, తమిళులు.

“సబ్‌వర్షన్ బాగానే పనిచేస్తోంది కదమ్మా, ఇప్పుడెందుకు ఈ తలనొప్పి?” అని మేనేజరు గారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. సబ్‌వర్షన్‌లో చరిత్రంతా ఒక్క సర్వర్‌లో ఉంటుంది. అది పడిపోతే కమిట్ చేయడం కాదు కదా, పాత మార్పులేమిటో చూడటానికి కూడా వీలుండదు. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో గిట్ రాసిందే, లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ) బృందం కోడు చరిత్ర కోసం వాడుతున్న బిట్‌కీపర్‌కు ఉచిత అనుమతి పోయినప్పుడు. ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు ఎవరికి వారు పూర్తి చరిత్రతో పనిచేసుకోవాలన్నది దాని మూలసూత్రం. మేనేజరు గారికి మాత్రం ఈ కథకన్నా, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ఆఫీసు బస్సులో ఇంటర్నెట్ లేకుండా కమిట్లు చేసుకోవచ్చన్న మాటే నచ్చింది.

మొదటి చిక్కు పేర్లతో వచ్చింది. సబ్‌వర్షన్ యూజర్ నేము ఒక్కటే రాసుకుంటుంది, గిట్‌కు పేరు, ఈమెయిల్ రెండూ కావాలి. అందుకని ఎడమవైపు పాత యూజర్ నేము, కుడివైపు పూర్తి పేరు, ఈమెయిల్ ఉండే ఫైలు ఒకటి తయారు చేసి, మార్పిడి చేసే గిట్ ఎస్‌వీఎన్ అనే ఆదేశానికి ఇవ్వాలి. అందులో ఒక్క పేరు తప్పిపోయినా మార్పిడి అక్కడే ఆగిపోతుంది. రాత్రి నడుస్తుందిలే అని వదిలి వెళ్తే పొద్దున సగంలో నిలబడి ఉంటుంది. కాబట్టి ముందే ఎస్‌వీఎన్ లాగ్ (కమిట్ల జాబితా) తీసి, అందులోని పేర్లన్నీ ఏరుకోవాలి. మా జాబితాలో ఉద్యోగం మానేసి వెళ్లినవాళ్లు చాలామంది తేలారు. ‘అడ్మిన్’ పేరుతో ఎవరెవరు కమిట్ చేశారో ఎవరికీ తెలియదు. ఊహించి ఎవరి పేరో తగిలించకుండా దాన్ని అడ్మిన్‌గానే ఉంచాను. ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనక రాయడంతో ఒకే మనిషి ఇద్దరుగా కనిపించే తెలుగువాళ్ల బెడద తర్వాత బయటపడింది. దానికోసం చరిత్రను తిరగరాయనక్కర్లేదు. మెయిల్‌మ్యాప్ అనే చిన్న ఫైలు పెడితే లాగ్‌లో రెండు పేర్లూ ఒకటిగా కనిపిస్తాయి.

రెండోది బరువు. మా రిపాజిటరీలో (కోడు, దాని చరిత్ర ఉండే చోటు) పాత ఇన్‌స్టాలర్లు, ఎవరో పెట్టిన డేటాబేస్ బ్యాకప్ జిప్పులు ఉన్నాయి. సబ్‌వర్షన్‌లో చెకౌట్ చేస్తే, అంటే కోడును మన యంత్రంలోకి దింపుకుంటే, తాజా ఫైళ్లే వస్తాయి కాబట్టి ఆ బరువు ఎవరికీ తెలియలేదు. గిట్‌లో అదే పనికి క్లోన్ చేస్తే మొత్తం చరిత్ర దిగుతుంది. ఇల్లు మారేటప్పుడు అటక మీది సామానంతా కొత్తింటికి మోసుకెళ్లినట్టే. పైగా గిట్ రిపాజిటరీలను ఉంచుకునే వెబ్‌సైటు గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఫైలును అసలు తీసుకోదు. గిట్ ఫిల్టర్ రిపో అనే పరికరంతో, ఒక పరిమాణం దాటిన ఫైళ్లను చరిత్ర మొత్తం నుంచీ తీసేశాం. ఇలా చేస్తే మార్పు తగిలిన మొదటి కమిట్ నుంచీ హ్యాష్‌లన్నీ (ఒక్కో కమిట్‌ను గుర్తించే సంకేతాలు) మారిపోతాయి. కనుక ఈ శుభ్రత అంతా ఇతరులకు రిపాజిటరీ ఇవ్వకముందే జరగాలి.

అదే ఊపులో చరిత్రలో పాస్‌వర్డ్‌ల కోసం వెతికాం. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న కాన్ఫిగరేషన్ ఫైలు ఒకటి దొరికింది. తర్వాతి రివిజన్‌లోనే (సబ్‌వర్షన్‌లో వరుస నంబరుతో నమోదయ్యే ఒక్కో కమిట్) దాన్ని తొలగించారు గానీ, పాత రివిజన్ తెరిస్తే భద్రంగా కనిపిస్తోంది. ముందు సర్వర్‌లో పాస్‌వర్డ్ మార్పించి, ఆ తర్వాతే చరిత్రలో చెరిపాం. చరిత్రలో చెరిపి ఊరుకుంటే, అప్పటికే దాన్ని చూసినవాళ్లను ఆపలేం.

రివిజన్ నంబర్ల మీద కాస్త పంతం పట్టాను. గిట్ ఎస్‌వీఎన్ ప్రతి కమిట్ సందేశం చివర పాత రివిజన్ నంబరున్న ఒక వరుస చేరుస్తుంది. అది చూడటానికి వికారంగా ఉంటుందని, మార్చేటప్పుడే తీసేయమని చాలామంది సలహా ఇస్తారు. నేను వినలేదు. మా ఫిర్యాదుల రిజిస్టరు నిండా “4512లో సరిచేశాం” లాంటి రాతలే. ఇప్పుడు గిట్ లాగ్‌లో ఆ అంకెతో వెతికితే కమిట్ దొరుకుతుంది. అందం పోతే పోయింది. ట్యాగులు (ఒక విడుదలకు పెట్టిన గుర్తులు) మాత్రం బ్రాంచీల (విడిగా సాగే పని పాయల) రూపంలో వచ్చాయి. వాటిని అసలు ట్యాగులుగా మార్చుకోవాల్సి వచ్చింది. విండోస్‌లో, లినక్స్‌లో లైన్ చివరి గుర్తు వేరు కావడంతో వచ్చే గోల గిట్ యాట్రిబ్యూట్స్ ఫైలుతో తీరిపోయింది.

రసీదు నమూనాల ఫైళ్లకు మేం తెలుగు పేర్లే పెట్టుకున్నాం. మారిన ఫైళ్లను చూపే గిట్ స్టేటస్ కొట్టగానే ‘రసీదు’ బదులు 340, 260, 260 అంటూ అంకెల వరుస ప్రత్యక్షమైంది. ఫైలు పాడైపోయిందని ఒకాయన కంగారుపడ్డారు. పాడేమీ కాలేదు. ఆ మూడు అంకెలూ ‘ర’ అక్షరంలోని మూడు బైట్లు. కోర్ కోట్‌పాత్ అనే అమరికను ఫాల్స్ చేస్తే తెలుగు పేర్లు తెలుగులోనే కనిపిస్తాయి.

మార్పిడికి ఉగాది సెలవులు ఎంచుకున్నాం. సంక్రాంతికి తెలుగువాళ్లం ఊళ్లకు పోతాం గానీ కన్నడ మిత్రులు ఒక్కరోజు సెలవు తర్వాత పనిలో ఉంటారు. ఉగాది ఇద్దరికీ పండగే కాబట్టి కమిట్ చేసేవాళ్లు పెద్దగా ఉండరు. అయినా నమ్మకుండా సబ్‌వర్షన్ సర్వర్‌లో ప్రీ కమిట్ హుక్ (ప్రతి కమిట్‌కు ముందు నడిచే చిన్న స్క్రిప్టు) పెట్టి రాతలు ఆపేశాం. ఎవరైనా ప్రయత్నిస్తే “ఇక్కడ కాదు, గిట్‌లో చేయండి” అన్న సందేశం వాళ్ల తెరమీదే కనిపిస్తుంది. ఇరవై మెయిళ్లు చేయలేని పని ఈ ఒక్క హుక్ చేసింది.

యంత్రాలను మార్చడం తేలిక, అలవాట్లతోనే పేచీ. సబ్‌వర్షన్‌లో కమిట్ అంటే సర్వర్‌కు చేరినట్టే. గిట్‌లో అది మీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది, పుష్ చేస్తేనే బయటికి వెళ్తుంది. శుక్రవారం సాయంత్రం “కమిట్ చేశానండీ” అని వెళ్లిపోయినవాళ్ల పని సోమవారం దాకా ఎవరికీ అందేది కాదు.

కొత్తగా చేరిన నెల్లూరు అమ్మాయి ఒకరోజు దాదాపు ఏడుపు గొంతుతో వచ్చింది. “అక్కా, రీసెట్ హార్డ్ కొట్టాను. నా కమిట్లు పోయాయి.” రీసెట్ హార్డ్ అంటే కోడును పాత స్థితికి బలవంతంగా తిప్పే ఆదేశం. రీఫ్లాగ్ తెరిచి చూపించాను. హెడ్ (మనం ప్రస్తుతం ఉన్న కమిట్‌ను చూపే గుర్తు) ఎక్కడెక్కడికి కదిలిందో అన్నీ వరుసగా ఉన్నాయి. పాత హ్యాష్ మీద ఒక బ్రాంచి తీయగానే పని తిరిగొచ్చింది. మామూలు అమరికల్లో ఏ బ్రాంచికీ అందని కమిట్లు రీఫ్లాగ్‌లో 30 రోజులుంటాయి. అయితే కమిట్ చేయని మార్పులను రీసెట్ హార్డ్ తుడిచేస్తే రీఫ్లాగ్ కాపాడదు. అందుకే సగం పనైనా సొంత బ్రాంచిలో కమిట్ చేసి పెట్టుకోమంటాను, తర్వాత సర్దుకోవచ్చు. ఆ సర్దుబాటు కూడా ఇతరులు ఇంకా తీసుకోని కమిట్ల వరకే. తప్పనిసరై పుష్‌ను బలవంతం చేయాల్సి వస్తే ఫోర్స్ కాదు, ఫోర్స్ విత్ లీజ్ వాడాలి. మనం చూడని కమిట్లు సర్వర్‌లోకి వచ్చి ఉంటే అది ఆగిపోతుంది.

ఈ తంటాలన్నీ దేనికో ఒక ఫోను వచ్చాక ఆఫీసులో అందరికీ అర్థమైంది. ఒక కోల్డ్ స్టోరేజీ గుమాస్తా చేశారు: “మేడం, సరిగ్గా 15వ రోజున సరుకు తీసుకెళ్లిన రైతుకు నెల అద్దె పడుతోంది. ఇదివరకు సగం నెలే పడేది.” ఎప్పటి నుంచో ఎవరికీ తెలియదు. తప్పు ఏ కమిట్‌తో వచ్చిందో వెతికే గిట్ బైసెక్ట్ మొదలుపెట్టి, సరిగ్గా ఉన్న పాత ట్యాగునూ, తప్పున్న నేటి కమిట్‌నూ చెప్పాను. మధ్య కమిట్‌ను తెరిచి చూపిస్తుంది, మంచిదో చెడ్డదో మనం చెప్పాలి. ప్రతిసారీ సగం కమిట్లు వదిలిపోతాయి కాబట్టి వెయ్యి కమిట్లున్నా పది పరీక్షలతో తేలుతుంది. అద్దె లెక్కకు ఒక చిన్న స్క్రిప్టు రాసి బైసెక్ట్ రన్‌కు అప్పగించాను. స్క్రిప్టు సున్నా తిరిగిస్తే మంచి కమిట్, ఒకటి ఇస్తే చెడ్డది. కంపైల్ కాని పాత కమిట్లు ఎదురైతే 125 ఇవ్వాలి, అప్పుడు వాటిని దాటేస్తుంది. ఈ 125 సంగతి తెలియకపోతే నానా తిప్పలు.

చివరికి కమిట్ దొరికింది. సందేశం: “చిన్న మార్పులు”. లోపల చూస్తే రసీదు అంచు, గేట్ పాస్ ఫాంటు, రిపోర్టు తేదీలు, వాటి మధ్యలో ఒకే ఒక్క పోలిక. ‘15 లేదా అంతకన్నా తక్కువ’ కాస్తా ‘15 కన్నా తక్కువ’ అయింది. పొరపాటా, ఎవరైనా అడిగితే చేశారా? సందేశంలో ఏమీ లేదు. రాసినాయన కంపెనీ మారారు. పాత మెయిళ్లన్నీ తిరగేస్తే, ఒక యజమాని తన గోదాముకు మాత్రం అలా లెక్కించమని కోరిన సంగతి తేలింది. అది అందరికీ వర్తించేసింది. వెనక్కి తిప్పుదామంటే ఆ కమిట్‌లోని మిగతావన్నీ పోతాయి. కాబట్టి చేత్తోనే సరిచేశాం.

అప్పటి నుంచి ఒక కమిట్‌లో ఒకే పని అని పట్టుబడుతున్నాను. రెండు పనులు కలిసిపోతే యాడ్‌కు పీ జోడించి ముక్క ముక్కగా ఎంచుకోవచ్చు. సందేశాలు అందరి కోసం ఆంగ్లంలోనే రాస్తాం. ఆ పోలికను సరిచేసిన కమిట్ సందేశం తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: “అద్దె: 15వ రోజున తీసుకెళ్తే సగం నెలే లెక్కించు.” కింద ఒక ఖాళీ వరుస, ఆ తర్వాత “ఒక గోదాముకు పెట్టిన నియమం అందరికీ వర్తిస్తోంది. దాన్ని గోదాము అమరికల్లోకి మార్చాం.” ఏం మారిందో కోడే చెబుతుంది, ఎందుకు మారిందో మాత్రం మనమే రాయాలి. సమీక్షలో ఈ రెండో భాగం లేకపోతే తిప్పి పంపుతున్నాను. మొదట్లో విసుక్కున్నారు. ఇప్పుడు నన్ను మించి వాళ్లే ఒకరి సందేశాలను ఒకరు తిప్పి పంపుకుంటున్నారు.

సబ్‌వర్షన్ సర్వర్‌ను కొంతకాలం చదవడానికి మాత్రమే ఉంచి, తర్వాత ఎస్‌వీఎన్ అడ్మిన్ డంప్ (మొత్తం చరిత్ర ఉన్న ఒక ఫైలు) తీసి రెండు చోట్ల దాచి ఆపేశాం. ప్రింటింగ్ మాడ్యూలు వేరే రిపాజిటరీలో ఇంకా పాత పద్ధతిలోనే ఉంది. దాని పేర్ల జాబితా సిద్ధమవుతోంది, దసరా సెలవుల్లో మారుస్తాం.