కష్టం వచ్చినప్పుడే దేవుడు గుర్తొచ్చాడని సిగ్గుపడుతున్న తోటి అభ్యర్థులకు

పోటీ పరీక్షలకు చదువుతున్న మిత్రులారా, బుక్‌లిస్టు గురించీ టైమ్‌టేబుల్ గురించీ ఆన్సర్ రైటింగ్ గురించీ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకంటే బాగా చెప్తారు. నేను రాయాలనుకున్నది వేరే. ఇక నావల్ల కాదు అనిపించిన రోజుల్లో మళ్లీ ప్రార్థన దగ్గరికి ఎలా వచ్చానో, అది నా ప్రిపరేషన్‌కి ఏం చేసిందో, ఏం చేయలేదో చెప్తాను. మీలో ఎంతోమంది పైకి అనకపోయినా ఇదే దారిలో ఉన్నారని నాకు తెలుసు. రీడింగ్ రూమ్‌లో పుస్తకం ముందు పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఎవరైనా చూస్తున్నారేమోనని మధ్యలో ఒకసారి కళ్లు తెరిచి, మళ్లీ మూసుకునేవాళ్లను చూస్తూనే ఉన్నాను.

మెయిన్స్ ఫలితాల పీడీఎఫ్ వచ్చినప్పుడు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. హాల్‌టికెట్ నంబరు సెర్చ్‌లో కొడతాం. దొరకదు. అంకె ఏదైనా తప్పు కొట్టామేమోనని మళ్లీ కొడతాం. అప్పటికీ నమ్మకం కుదరక జాబితాని చేత్తో కిందికి జరుపుకుంటూ వెళ్తాం. మన ముందు బెంచీలో కూర్చున్న మనిషి నంబరు ఉంటుంది, వెనక బెంచీ నంబరు కూడా ఉంటుంది, మధ్యలో మనది ఉండదు. ఆ ఖాళీలేని ఖాళీని చూస్తూ ఎంతసేపు కూర్చుంటామో తెలీదు. ఆ సాయంత్రం ఇంటి నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. నాన్నకి ఏం చెప్పాలో తోచలేదు. మంచి ఉద్యోగం వదిలేసి వచ్చినవాళ్లు, పెళ్లి వాయిదా వేసుకున్నవాళ్లు, చెల్లెలి జీతం మీద చదువుకుంటున్నవాళ్లు మీలో ఉన్నారు. ఆ ఫోన్ బరువు వాళ్లకి నాకంటే ఎక్కువ తెలుసు.

చదువులో మునిగిపోయాక నాకు ప్రార్థన అలవాటు నెమ్మదిగా జారిపోయింది. దేవుడి మీద కోపమేమీ లేదు, నమ్మకం పోయిందనీ చెప్పలేను. పొద్దున్నే కరెంట్ అఫైర్స్, రాత్రి రివిజన్, మధ్యలో మాక్ టెస్టులు. ఆ రాత్రి గదిలో లైటు తీసేసి, గోడకి ఆనుకుని కూర్చుంటే చిన్నప్పుడు నాయనమ్మ చెప్పించిన శ్లోకం మొదటి పాదం దానంతటదే నోటికి వచ్చింది. రెండో పాదం రాలేదు. దాని బదులు వచ్చిన మాట ఇది: "నాకు చేతకావడం లేదు." అదే నా ప్రార్థన. అంతకుమించి ఆ రోజు ఏమీ లేదు.

మర్నాడు పొద్దున సిగ్గేసింది. ఇన్నాళ్లూ గుర్తురానివాడు దెబ్బ తగిలాక గుర్తొచ్చాడా, ఇది భక్తా, భయమా అని. ఈ ప్రశ్న మీలో చాలామందిని లోపల్లోపల తినేస్తోందని నాకు తెలుసు కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

భగవద్గీత ఏడో అధ్యాయం, 16వ శ్లోకంలో కృష్ణుడు తనను భజించేవాళ్లు నాలుగు రకాలని చెప్తాడు. ఆర్తుడు, తెలుసుకోవాలనుకునే జిజ్ఞాసువు, ఏదో కోరి వచ్చే అర్థార్థి, జ్ఞాని. మొదట పేరు పెట్టింది ఆర్తుడికే, అంటే కష్టంలో పడి పిలిచేవాడికి. ఆ నలుగురినీ కలిపి పుణ్యం చేసుకున్నవాళ్లనే అంటాడు. జ్ఞాని తనకు ఎక్కువ ప్రియుడని చెప్పిన మాట నిజమే. కానీ ఆ వెంటనే, 18వ శ్లోకంలో, వీళ్లందరూ ఉదారులే, అంటే గొప్పవాళ్లే అంటాడు. కష్టం వచ్చినప్పుడు మాత్రమే వచ్చావేంటని ఆర్తుణ్ణి గుమ్మంలో నిలబెట్టలేదు. ఆ రెండు శ్లోకాలూ పక్కపక్కన పెట్టి చదువుకున్నాక నా సిగ్గు సగం పోయింది.

మిగతా సగం గజేంద్రుడి కథతో పోయింది. మనందరికీ తెలిసిన కథే, కానీ ఓడిపోయిన రోజుల్లో చదివితే వేరేగా కనిపిస్తుంది. మొసలి కాలు పట్టుకోగానే ఏనుగు దేవుణ్ణి పిలవలేదు. వెయ్యేళ్లు తన బలంతో తనే పోరాడింది. తోటి ఏనుగులు లాగి చూశాయి, వాటివల్లా కాలేదు. అన్ని దారులూ మూసుకుపోయాక అప్పుడు పిలిచింది. ఆలస్యంగా పిలిచావని ఎవరూ అనలేదు. ఇంకో సంగతి సంస్కృత భాగవతంలో ఉంది. ఆ క్షణంలో గజేంద్రుడు కొత్తగా ప్రార్థన కట్టలేదు. పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజుగా ఉన్నప్పుడు నేర్చుకున్న స్తోత్రమే తిరిగి గుర్తొచ్చింది. నా విషయంలో ఆ సగం శ్లోకం రావడం కూడా అలాంటిదేనని నమ్ముతాను. చిన్నప్పుడు మనలో ఎవరో నాటినది ఎక్కడికీ పోదు. మనం దాని దగ్గరికి తిరిగి వెళ్లేదాకా అక్కడే ఉంటుంది.

పోతన గజేంద్రుడు ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఉన్నాడు ఉన్నాడంటారే, ఆయన అసలు ఉన్నాడా లేడా అని ప్రార్థన మధ్యలోనే అనుమానపడ్డాడు. అనుమానపడ్డాక కూడా పిలవడం ఆపలేదు. ఆ అనుమానంతో సహా అన్నీ ఆయన ముందే పెట్టాడు. మీకు గట్టి నమ్మకం లేదు కాబట్టి ప్రార్థించే అర్హత లేదనుకుంటున్నారేమో, ఈ ఒక్క చోటు మళ్లీ చదవండి.

నా రూమ్‌మేట్ క్రైస్తవురాలు. తను బైబిల్ తీసి నాకు 88వ కీర్తన చూపించింది. మామూలుగా కీర్తనల్లో ఎంత ఏడ్చినా చివర ఒక ఆశ కనిపిస్తుంది. దీన్లో అదీ లేదు, చీకటితోనే ముగిసిపోతుంది. "ఇది కూడా ప్రార్థనే కాబట్టే లోపల ఉంచారు, నువ్వు నవ్వు మొహంతో రానక్కర్లేదు" అంది. నాకు వెంటనే భద్రాచలం రామదాసు గుర్తొచ్చాడు. పాల్వంచ తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న, సర్కారు సొమ్ముతో గుడి కట్టించినందుకు గోల్కొండ చెరసాలలో పడి, రాముణ్ణి కీర్తనల్లో నిలదీశాడు. దెబ్బలు తట్టుకోలేక తిట్టాడు కూడా. ఆ తిట్లను మనం ఇవాళ భక్తిగా పాడుకుంటున్నాం. కాబట్టి ఎందుకిలా చేశావని అడగాలనిపిస్తే అడగండి. మర్యాద కోసం దాచుకున్న కోపం రాత్రి నిద్ర పట్టనివ్వదు, పొద్దున పుస్తకం పట్టనివ్వదు.

ఇక ఇది చదువులో ఏం చేసింది? ఆ తర్వాతి రోజుల్లో నేను చేసింది చాలా చిన్న పని. చదవడానికి కూర్చునే ముందు ఆ రోజు నన్ను భయపెడుతున్నదాన్ని పేరు పెట్టి చెప్పేదాన్ని. "భయంగా ఉంది" అనడం కాదు. "ఎకానమీలో బ్యాలెన్స్ ఆఫ్ పేమెంట్స్ మూడుసార్లు చదివినా ఎక్కట్లేదు", "ఎస్సే పేపర్‌లో టైమ్ సరిపోదని చేతులు వణుకుతున్నాయి", "ఈసారి కూడా రాకపోతే అమ్మ మొహం చూడలేను". ఇలా. దేవుడికి తెలియదని కాదు చెప్పడం. నేను నాకే చెప్పుకోకుండా తప్పించుకు తిరుగుతున్న మాటలు ఆయన ముందు మాత్రమే బయటికి వచ్చేవి. బయటికి వచ్చాక వాటిలో కొన్ని దేవుడి పని కాదనీ నా పనేననీ అర్థమయ్యేది. బ్యాలెన్స్ ఆఫ్ పేమెంట్స్ నాదే. కాబట్టి లేచి ఆ చాప్టరే ముందు తీసేదాన్ని. అమ్మ సంగతి మాత్రం ఆయన దగ్గరే వదిలేసేదాన్ని.

2011లో సైన్స్ పత్రికలో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన రమీరెజ్, బైలాక్ ఒక అధ్యయనం ప్రచురించారు. పరీక్షకు కాస్త ముందు 10 నిమిషాలు తమ భయాల్ని కాగితం మీద రాసుకున్న విద్యార్థులు మెరుగ్గా రాశారనీ, పరీక్షంటే ఎక్కువ భయపడేవాళ్లకే ఆ లాభం ఎక్కువగా దక్కిందనీ అందులో తేలింది. వాళ్లు పరిశీలించింది రాయడాన్ని, ప్రార్థనను కాదు. ఆ తేడా నేను మరచిపోవడం లేదు. కానీ మనసులో సుడి తిరుగుతున్నదాన్ని మాటల్లో పెడితే ఆలోచనకు కాస్త చోటు దొరుకుతుందన్నది నా రోజువారీ అనుభవం కూడా. అలాగే 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పరిశీలనలో, జపమాల తిప్పుతూ లాటిన్‌లో మరియమ్మ ప్రార్థన చెప్పేవాళ్లకీ, మంత్రం జపించేవాళ్లకీ శ్వాస నిమిషానికి దాదాపు 6 సార్లకు నెమ్మదించిందని చూశారు. హాల్లో ఓఎంఆర్ షీటు ఇచ్చాక, ప్రశ్నపత్రం చేతికొచ్చేలోపు కొన్ని నిమిషాలు ఉంటాయి కదా, పెన్ను పట్టుకున్న వేళ్లు చల్లబడిపోయే సమయం. అప్పుడు నేను నామం చెప్పుకునేదాన్ని, పెదాలు కదలకుండా, ఊపిరి వదిలేటప్పుడల్లా ఒకసారి. వృత్తాలు సరిగా దిద్దగలిగానంటే ఆ నిమిషాల చలవే. అలాగని నాకు ప్రార్థన ఊపిరి తీసుకునే టెక్నిక్ కాదు. నేను ఒకరితో మాట్లాడుతున్నాననే నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను.

ప్రార్థన చేయనిది కూడా చెప్పాలి. చదవని టాపిక్‌కి జవాబు తెచ్చివ్వదు. నెగెటివ్ మార్కులు తగ్గించదు. చదవాల్సిన సమయాన్ని పూజలోనూ స్తోత్రాల్లోనూ గడిపేసి మనసుకు సర్దిచెప్పుకోవడం నేను దగ్గరగా చూశాను. పరీక్ష దగ్గరపడే కొద్దీ పూజ సాగడం, రివిజన్ కుదించుకుపోవడం. అది భక్తి కంటే భయమే ఎక్కువని నా అభిప్రాయం. అలాగే ర్యాంకు ఇస్తే నీకిది చేస్తాను అనే బేరం నేను పెట్టుకోలేదు. పెట్టుకునేవాళ్లని తప్పుపట్టను, అర్థార్థిని కూడా గీత ఆ నలుగురిలోనే లెక్కపెట్టింది. కాకపోతే బేరం పెట్టిన రోజు నుంచి ప్రతి మాక్ టెస్ట్ మార్కూ దేవుడి జవాబులా కనిపించడం మొదలవుతుంది. తక్కువ వస్తే ఆయన వద్దన్నాడనుకుంటాం. అది మనకీ ఆయనకీ మధ్య చాలా క్రూరమైన లెక్క.

ఇంకొకటి. నిరాశ ముదిరి బతకాలని లేదనిపించే స్థితికి వెళ్తే, దయచేసి ప్రార్థనతో పాటు మనిషి సాయం కూడా తీసుకోండి. ఇంట్లోవాళ్లకి చెప్పండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. అది నమ్మకం తక్కువై చేసే పని కాదు. దేవుడు చేయి అందించేది చాలాసార్లు మనుషుల ద్వారానే.

నాకు ఆ తర్వాత ఉద్యోగం వచ్చింది. నా రూమ్‌మేట్‌కి రాలేదు. నాకంటే ఎక్కువ చదివింది, నాకంటే ఎక్కువ ప్రార్థించింది. ఫలితం వచ్చిన రోజు నా నంబరు కనిపించగానే ముందు నన్ను హత్తుకుంది, ఆ తర్వాతే తన నంబరు వెతుక్కుంది. ప్రార్థిస్తే వస్తుంది అని నేను రాయలేనిది తన మొహం గుర్తొచ్చే. నా ప్రార్థన వినపడిందీ, తనది వినపడలేదూ అనడానికి నా నోరు రాదు. ఒకసారి అడిగాను, ఇంకా ఎలా ప్రార్థించగలుగుతున్నావే అని. "ఉద్యోగం కోసం మొదలుపెట్టాను, నిజమే. ఇప్పుడు ఆయనతో మాట్లాడకపోతే రోజు గడవదు" అంది. ఇప్పుడు మళ్లీ రాస్తోంది.

రీడింగ్ రూమ్‌లో మాకు సీనియర్ అయిన ఒక అక్క ఖురాన్‌లోని సూరా యూనుస్ (యూనుస్ అధ్యాయం) 12వ ఆయతు, అంటే వాక్యం గురించి చెప్పింది. కష్టం వచ్చినప్పుడు మనిషి పడుకునీ కూర్చునీ నిలబడీ దేవుణ్ణి పిలుస్తాడు, ఆ కష్టం తీరగానే ఎన్నడూ పిలవనట్టే సాగిపోతాడు అని. చేప కడుపులోంచి దేవుణ్ణి పిలిచిన ప్రవక్త పేరే ఆ అధ్యాయానికి పేరు. బైబిల్లో ఆయనే యోనా, దేవుడు చెప్పిన చోటికి వెళ్లకుండా ఓడెక్కి పారిపోయి, సముద్రం అడుగున తిరిగి ఆయన్నే పిలిచినవాడు. అక్క చెప్పిన ఆ మాట ఉద్యోగంలో చేరాక నాకు ఎక్కువగా పని చేస్తోంది. కష్టంలో తిరిగి వెళ్లడం అంత కష్టమేమీ కాదు, వేరే దారి ఉండదు. తేలికైన రోజుల్లో అక్కడే ఉండిపోవడానికే రోజూ కొంచెం ప్రయత్నం కావాలి. అందుకని చదువుకునేటప్పుడు ప్రార్థనకి కూర్చున్న వేళనే ఇప్పటికీ పట్టుకుని ఉన్నాను. భయాల జాబితా తగ్గింది కాబట్టి ఆ సమయంలో వేరేవాళ్ల పేర్లు చెప్తున్నాను. మొదటి పేరు నా రూమ్‌మేట్‌ది. మీ పరీక్ష, మీ ఫలితం దగ్గర్లో ఉండి ఎవరైనా మీ కోసం కూడా ప్రార్థిస్తే బాగుండుననిపిస్తే, నాకు పరీక్ష పేరు చెప్పండి చాలు. మీ పేరు చెప్పకపోయినా ఫర్వాలేదు.