ఓఆర్‌ఎస్ అని అమ్మిన తీపి డ్రింకు మీద ఫిర్యాదు: నా అనుభవం

మీ ఫిర్యాదు పరిష్కారమైందని నిన్న మెసేజ్ వచ్చింది. ఏమీ కాలేదు. ఆ మంటలోనే ఇది రాస్తున్నాను.

పాపకు విరేచనాలు పట్టుకుంటే డాక్టరుగారు ఓఆర్‌ఎస్ పట్టమన్నారు. మెడికల్ షాపులో అడిగితే టెట్రా ప్యాక్ చేతిలో పెట్టారు. అది తాగాక విరేచనాలు ఎక్కువై సెలైన్ దాకా వెళ్లింది. డాక్టరుగారు ఆ ప్యాక్ తిప్పి చూపించారు. ముందు పెద్ద అక్షరాల్లో ఓఆర్‌ఎస్. వెనక మడత దగ్గర, కళ్లు చికిలిస్తే తప్ప కనబడనంత సన్నగా, ఇది డబ్ల్యూహెచ్‌వో (ప్రపంచ ఆరోగ్య సంస్థ) ఫార్ములా కాదని ఇంగ్లీషులో. అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు. దీంట్లో చక్కెర లెక్కేస్తే లీటరుకు వంద గ్రాములు దాటింది! అంత చక్కెర పేగుల్లోకి నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించడం తేలికే. బిల్లు, బ్యాచ్ నంబరు ఫొటో దగ్గర పెట్టుకోండి.

ఆ తర్వాత కంపెనీ మనిషి ఇంటికొచ్చాడు. చేతిలో అదే డ్రింకు అట్టపెట్టె. "పాపకండీ" అని టీపాయ్ మీద పెట్టాడు. ఒళ్లు మండింది. ఫిర్యాదు నాది, ఫోన్ నంబరు నాది. అయినా "సార్ లేరా మేడం?" అని అడిగి, మా మావయ్యగారి వైపు తిరిగి కూర్చున్నాడు. "ఇది జబ్బు చేసినవాళ్లకి కాదండీ, ఎండన పడి తిరిగేవాళ్లకి. ప్యాక్ మీద రాశాం, మేడం చూసుకోలేదు" అన్నాడు. నా ఇంట్లో, నా ఎదుటే! మరి మందుల షాపులో ఎందుకు పెడుతున్నారంటే షాపువాళ్ల ఇష్టమట. ఓఆర్‌ఎస్ అనే పేరు తీసేయమని ఆర్డరొచ్చింది కదా అంటే కోర్టులో ఉందట. చివరికి, సంతృప్తి చెందానని టైపు చేసిన కాగితం తీసి సంతకం పెట్టమన్నాడు. పెట్టలేదు. పెట్టెతో సహా పంపించేశాను.

ఆ ఆర్డరు ఊరికే రాలేదు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడి, 2022లో తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. 2025 అక్టోబరు 14న కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దంది. కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకెక్కాయి. 2003లో కూల్‌డ్రింకుల్లో పురుగుమందుల అవశేషాలున్నాయని ఢిల్లీలోని పర్యావరణ పరిశోధన సంస్థ సీఎస్‌ఈ బయటపెట్టినప్పుడూ ఇంతే. పోటీ కంపెనీలు కోక్, పెప్సీ రెండూ ఒకే వేదికెక్కి తప్పు లేదన్నాయి. సీఎస్‌ఈ మాట నిజమేనని మర్నాడే ఎవరూ చెప్పలేదు, 2004లో గానీ పార్లమెంటు సంయుక్త కమిటీ ఆ మాట చెప్పలేదు. పసిపిల్లల ఆరోగ్యం దగ్గర కూడా ముందు అమ్మకాలే చూసుకునేవాళ్లను నేను క్షమించను.

మా వీధి షాపతనితో గట్టిగానే మాట్లాడాను. ఇప్పుడు అసలు పొడి ప్యాకెట్లు ముందు వరసలో పెట్టాడు. మీరు కొనేటప్పుడు "డబ్ల్యూహెచ్‌వో ఫార్ములా పొడి" అని అడగండి, ఆ మాట ప్యాకెట్ మీద చదివాకే డబ్బులివ్వండి. నా ఫిర్యాదు మళ్లీ తెరవమని ఇవాళ పొద్దున్నే రాశాను.